“మీకేం కావాలి?” అంటే నోరు పెగలట్లేదు. థెరపిస్ట్ కూడా ఏమీ చెప్పట్లేదు. మార్చేయాలా?

సరేలే_మనిషి

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు 36. పెళ్లయి పదకొండేళ్లు. ఇంట్లో కొట్టుకోవడాలు, తిట్టుకోవడాలు ఏమీ లేవు. నెలన్నరగా ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను, వారానికోసారి, 50 నిమిషాలు. ఎందుకు వెళ్లానంటే కళ్లజోడు వల్ల. నవ్వకండి.

పాతదాని అద్దం మీద గీత పడింది. కొత్తది తీసుకుందామని వెళ్లాను. మూడు ఫ్రేములు పక్కన పెట్టి, ఒక్కొక్కటే పెట్టుకుని ఫొటోలు తీసి మా ఆయనకి, అక్కకి, ఆఫీసులో ఫ్రెండుకి పంపాను. ఆయన గుండ్రటిది అన్నాడు. అక్క నల్లది అంది. ఫ్రెండు “మూడూ వద్దు, వేరేవి చూడు” అంది. నలభై నిమిషాలు అద్దం ముందే నిలబడ్డాను. కొట్లో కుర్రాడు పాపం మర్యాదగానే “మేడమ్, మీకేది నచ్చింది?” అన్నాడు. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. అక్కడే, నలుగురి ముందు. ఏదీ కొనకుండా వచ్చేశాను. ఇది కూడా గీత పడిన అద్దంలోంచే టైప్ చేస్తున్నాను.

ఆ వారమే ఇంకోటి. మా ఆయనకి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. “ఏమంటావు, వెళ్దామా?” అన్నాడు. “నీ ఇష్టం” అన్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి గట్టిగా అరిచాడు: “పదకొండేళ్లయింది, నీ ఇష్టం ఏంటో నాకింతవరకు తెలీదు!” నాకూ తెలీదని అప్పుడే తెలిసింది.

థెరపిస్ట్ మంచావిడే. నాలుగో సెషన్‌లో తన నోట్‌బుక్ నా వైపు తిప్పి చూపించింది. నేను మాట్లాడినవాటిలో కొన్ని మాటలు రాసుకుందట. “అనుకున్నాం. సర్దుకున్నాం. వద్దనుకున్నాం. చూద్దాంలే.” వీటిలో మీరొక్కరే చేసినవి ఏవి అని అడిగింది. “సర్దుకున్నాం” మీద వేలు పెట్టాను. అది మేమిద్దరం చేసింది కాదు, నేనొక్కదాన్నే సర్దుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

కానీ ఆ తర్వాత ఏం ముందుకు కదల్లేదు. ఆరో సెషన్‌లో తెగించి సూటిగా అడిగాను, “నేను ఆయనతో వెళ్లాలా, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవాలా, మీరు చెప్పండి” అని. “నేను చెప్తే ఏం చేస్తారు?” అంది. “అదే చేస్తాను” అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. నేను టిష్యూ డబ్బా మీద పువ్వులు లెక్కపెట్టాను. పద్నాలుగున్నాయి. టైమైపోయింది. ఒళ్లు మండిపోయింది కానీ “థాంక్యూ మేడమ్” అని నవ్వుతూ వచ్చేశాను.

ఇది వాళ్ల పద్ధతేనా, లేక తప్పించుకుంటోందా? మనసులో మాట చెప్పండి. మార్చేయమంటారా?

---

ముక్కుసూటి

మార్చేయండి. డాక్టరు దగ్గరికెళ్తే మందు రాస్తాడు, లాయరు దగ్గరికెళ్తే కేసు నిలుస్తుందో లేదో చెప్తాడు. వీళ్లొక్కళ్లే మన ప్రశ్నని మళ్లీ మన చేతికే ఇచ్చి టైమైపోయింది అంటారు. ఆరు సెషన్లు కూర్చుని పువ్వులు లెక్కపెట్టడానికి థెరపిస్ట్ ఎందుకండీ, ఇంట్లో గోడ చాలు.

---

రెండో_కుర్చీ

పద్నాలుగేళ్లుగా నేను చేసేది ఈ పనే. మీ థెరపిస్ట్ ఎవరో, ఆ గదిలో పూర్తిగా ఏం జరుగుతోందో నాకు తెలీదు కాబట్టి ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకోను. నేనెలా చేస్తానో, ఎందుకలా చేస్తానో చెప్తాను.

ముందు నా తప్పొకటి చెప్పాలి. (వివరాలన్నీ మార్చాను.) కొత్తలో ఒకాయన వచ్చేవారు. ఉద్యోగం ఇష్టం లేదు, మానలేరు, ప్రతి వారం అదే పాట. విని విని నాకు విసుగొచ్చింది. ఇప్పుడు విసుగని ఒప్పుకుంటున్నాను, అప్పుడు మాత్రం అది ఆయన మీద జాలి అనుకున్నాను. “మానేయండి” అన్నాను. మర్నాడే రాజీనామా ఇచ్చేశారు. నేనెంత పొంగిపోయానో! రెండు నెలల తర్వాత ఎదురుగా కూర్చుని, “ఇప్పుడేం చెయ్యమంటారు మేడమ్?” అన్నారు. మాకూ ఒక సూపర్‌వైజర్ ఉంటారు, కేసుల గురించి ఆయనతో కూర్చుని మాట్లాడుకుంటాం. ఆయన అంతా విని ఒక్క మాటన్నారు: “ఇన్నాళ్లూ వాళ్ల నాన్న కూర్చున్న కుర్చీలో నువ్వు కూర్చున్నావు. కుర్చీ మాత్రం ఖాళీ కాలేదు.”

మీ సంగతికొస్తాను. కళ్లజోడు ఫొటోలు ముగ్గురికి పంపారు కదా. ఆరో సెషన్‌లో మీ థెరపిస్ట్‌ని అడిగింది నాలుగో మనిషికి పంపిన ఫొటో. ఈ పోస్టు ఐదోది. మిమ్మల్ని నొప్పించాలని అనట్లేదు. ఆవిడ ఎందుకు నోరు మెదపలేదో నాకలా అర్థమైంది.

ఇష్టం తెలియకపోవడం పుట్టుకతో వచ్చిన లోపం కాదు. కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్ దీని గురించి చెప్పినది నాకు దాదాపు రోజూ పనికొస్తుంది. చిన్నప్పుడు ఆదరణ షరతుల మీద దొరికిందనుకోండి – అడగకపోతే బంగారం, అడిగితే మొండిఘటం – కొన్నాళ్లకి ఆ షరతులు బయటి నుంచి మనలోపలికొచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పక్కర్లేదు. మనకి కావలసింది మన గొంతు దాకా రాకముందే లోపలే ఆగిపోతుంది. మనిషి మారడానికి థెరపీలో ఉండాల్సినవంటూ ఆయన 1957లో రాసినవాటిలో షరతుల్లేని ఆదరణ ఒకటి. వినడానికి మెత్తగా ఉంటుంది కానీ చేసేటప్పుడు ప్రాణం మీదకొస్తుంది. మీరు వెళ్తానన్నా, ఉండిపోతానన్నా నా ముఖం ఒకేలా ఉండాలి. ఎందుకంటే ఎదుటివాళ్ల ముఖం చదవడంలో మీలాంటివాళ్లని మించినవాళ్లుండరు. నా కనుబొమ్మ కొంచెం లేస్తే చాలు, మాట మధ్యలోనే వాక్యాన్ని అటు తిప్పేస్తారు. ఒకమ్మాయి నా పెన్ను ఎప్పుడు కదులుతుందో చూసి, నేను రాసుకునేలాంటి మాటలే చెప్పేది. అది తెలిసిన రోజు నుంచి సెషన్ అయ్యాకే రాసుకుంటున్నాను. (మీ థెరపిస్ట్ నోట్‌బుక్ మీకే చూపించింది. నాకా ఆలోచన నచ్చింది.)

“నేనెవరు” అన్న ప్రశ్న పదిహేనూ ఇరవై ఏళ్లప్పుడు తేలిపోవాలని చాలామంది అనుకుంటారు. ఐడెంటిటీ క్రైసిస్ అన్న మాటని వాడుకలోకి తెచ్చిన ఎరిక్ ఎరిక్సన్ కూడా దాన్ని ఆ వయసుకే కట్టాడు. అయితే ఆయన సంగతే చూడండి. కన్నతండ్రి ఎవరో తెలీదు, సవతితండ్రి ఇంటిపేరు హోంబర్గర్‌తో పెరిగాడు. 1902లో పుట్టినవాడు, 1939లో అమెరికా పౌరుడయ్యేటప్పుడు ఎరిక్సన్ అని తనకు తానే పేరు పెట్టుకున్నాడు. అంటే మీ వయసుకి ఒక ఏడాది ఎక్కువే. తర్వాత 1966లో జేమ్స్ మార్సియా అనే ఆయన కాలేజీ కుర్రాళ్లతో మాట్లాడి ఇలాంటి విషయాల్లో మనుషులుండే నాలుగు స్థితులు చెప్పాడు. వాటిలో ఒకటి వెతుకులాట లేకుండానే తేల్చేసుకోవడం. ఎవరో కొన్న చొక్కా సరిపోయిందో లేదో చూసుకోకుండా ఏళ్ల తరబడి వేసుకు తిరగడం లాంటిది. బయటికి చాలా కుదురుగా కనిపిస్తారు. ఎవరో ఒకరు “నీకేం కావాలి” అని అడిగిన రోజు బట్ట పిగులుతుంది. మీకు ఆ అడిగినవాడు కళ్లజోళ్ల కుర్రాడయ్యాడు.

ఇక మీ ఆయన అరుపు. నేనైతే మీ థెరపీలో అన్నిటికన్నా ఎక్కువసేపు దీని మీదే కూర్చుంటాను. “నీ ఇష్టం” అనడం త్యాగంలా అనిపిస్తుంది కదా? అవతలివాళ్లకి అది బరువు. వెళ్లాక అంతా బాగుంటే సరే, బాగాలేకపోతే తప్పంతా ఆయనదే. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ప్రతి నిర్ణయం కిందా ఒకే సంతకం పడుతోంది. ఒంటరిగా సంతకం పెట్టి పెట్టి ఆయన అలసిపోయి ఉండొచ్చు. (నేను ఆయన పక్షం కాదు. మీ పోస్టులో మీరు రాసిన ముక్కలోంచే అంటున్నాను.)

కుటుంబాలతో పనిచేసిన మర్రే బోవెన్ దీనికో కొలత పెట్టుకున్నాడు: మనిషి తనవాళ్లకి దగ్గరగా ఉంటూనే వాళ్లలో కరిగిపోకుండా ఎంతవరకు ఉండగలడు అని. కరిగిపోవడం ఒక చివర. తెగతెంపులు చేసుకుని పోవడం ఇంకో చివర. చాలామంది రెండోదాన్ని స్వేచ్ఛ అనుకుంటారు. ఆయన అలా అనుకోలేదు, నేనూ అనుకోను. తెంపుకుపోయినవాళ్లు నా గదిలో మాట్లాడేదంతా తెంపుకున్నవాళ్ల గురించే. కాబట్టి “వెళ్లాలా, ఉండాలా” అన్నదానికి నా దగ్గర జవాబున్నా చెప్పను. వెళ్లినా కరిగిపోవచ్చు, ఉండిపోయినా కరిగిపోవచ్చు. మీ ఆయన ముందు కూర్చుని, ఆయనకి నచ్చకపోవచ్చని తెలిసి కూడా “నాకిలా ఉంది” అని ఒక వాక్యం చెప్పి, ఆ తర్వాత వచ్చే మూడు నిమిషాలు తట్టుకోవడం ఉందే, మనం నేర్చుకోవాల్సింది అది.

దాన్ని పెద్ద నిర్ణయం మీద మొదలుపెట్టను. గదిలోనే మొదలుపెడతాను. కిటికీ వేసుకుందామా, తీసుకుందామా? ఇవాళ దేని గురించి మాట్లాడదాం? “మీ ఇష్టం మేడమ్” అంటారు. నేను ఆగుతాను. ఏదో ఒకటి చెప్తారు. “అలా చెప్పేటప్పుడు ఒంట్లో ఏమైంది?” అని అడుగుతాను. గొంతు దగ్గర పట్టేసిందనో, అరచేతులు చెమట పట్టాయనో అంటారు. కిటికీ గురించి చెప్పడానికే అరచేతులు చెమట పడుతుంటే ఉద్యోగం గురించి, కాపురం గురించి నోరెలా పెగులుతుంది చెప్పండి.

ముక్కుసూటి గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. నిద్రపట్టకపోతేనో, పానిక్ వస్తుంటేనో నేను సూటిగానే చెప్తాను, ఇంటిదగ్గర చేసుకు రమ్మని పని కూడా ఇస్తాను. ఇంట్లో దెబ్బలో, భయమో ఉంటే నిశ్శబ్దం సంగతి పక్కన పెట్టి ముందు ప్రాణం సంగతి మాట్లాడతాను, అలాంటప్పుడు భార్యాభర్తల్ని ఒకే గదిలో కూర్చోబెట్టను కూడా. ఇంకో విషయంలోనూ మీ వైపే ఉన్నాను. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్ట్ 1979లో థెరపీ నిలబడేది మూడింటి మీద అన్నాడు: ఇద్దరి మధ్య నమ్మకం, గురి ఏంటన్నదాని మీద ఒప్పందం, అక్కడికి ఏ పనులు చేస్తూ వెళ్లాలన్నదాని మీద ఒప్పందం. ఈవిడ “వెళ్లాలా వద్దా” తేల్చుకోవడానికి వెళ్లారు. అక్కడ “నాకేది ఇష్టమో నాకు తెలియడం” మీద పని జరుగుతోంది. గురి మార్చినప్పుడు ఆ మాట క్లయింటుకి విడమరిచి చెప్పాలి. చెప్పినట్టు లేదు. అది మాత్రం ఆ థెరపిస్ట్ లోటే.

అయినా ఇప్పుడే మార్చేయకండి. ఒళ్లు మండుతుంటే నవ్వుతూ “థాంక్యూ మేడమ్” అని వచ్చేశారు చూడండి, మీ ఇంట్లో పదకొండేళ్లుగా జరుగుతున్నదే ఆవిడ గదిలోనూ జరిగింది. వచ్చే సెషన్‌లో ఆ కోపం ఆవిడకి చెప్పండి. కోపం చూపించినా పోని సంబంధం ఒకటి ఉంటుందని ఒంటికి తెలియాలంటే ఎక్కడో ఒకచోట చూపించాలి కదా, అందుకు కాస్త నిలకడున్న చోటు అదే. ఆవిడ ముడుచుకుపోయినా, తప్పు మీదే అన్నట్టు మాట్లాడినా అప్పుడు నిక్షేపంగా మార్చేయండి.

---

నిమ్మకు_నీరెత్తినవాడు

నేను మీ ఆయన జాతి మనిషిని, కాకపోతే అరవను. గొడవ మొదలవగానే నోరు కుట్టేసుకునే రకం. మా ఆవిడ దాన్ని పొగరనుకునేది. ఇద్దరం కలిసే వెళ్లాం.

మూడోసారో నాలుగోసారో, మా ఆవిడ ఏదో గట్టిగా అంటోంది, నేను కార్పెట్ చూస్తున్నాను. థెరపిస్ట్ ఆపించి, నా వేళ్లు నా మణికట్టు మీద పెట్టించి, వాచీ చూసి లెక్కపెట్టమన్నాడు. 112. కుర్చీలోంచి కదలని మనిషికి! జాన్ గాట్‌మన్ అని ఒకాయన దంపతుల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి గుండె వేగం కొలిచాడట. 100 దాటాక అవతలివాళ్ల మాట బుర్రకెక్కదనీ, కనీసం 20 నిమిషాలు విడిగా కూర్చుంటే గానీ ఒళ్లు దిగిరాదనీ చెప్పాడు. మా ఆవిడ ఆ అంకె విని ఏడ్చేసింది. “రాయిలా ఉన్నావనుకున్నాను” అంది.

నిమ్మళస్తుణ్ణని నాకు నేనిచ్చుకున్న బిరుదు. దాని కింద గుండె అంతలా కొట్టుకుంటోందని 39 ఏళ్లొచ్చేదాకా తెలీదు. ఇప్పుడు “ఇరవై నిమిషాలు” అని చెప్పి మేడ మీదకి వెళ్తాను. చెప్పి వెళ్లడం ముఖ్యం, చెప్పకుండా వెళ్తే అది పాత జబ్బే. ఇరవై అయ్యాక తిరిగి రావడం ఇంకా ముఖ్యం. మొదట్లో రెండుసార్లు రాలేదు, మళ్లీ మొదటికొచ్చింది.

మీ ఆయన అరుపులో నాకు వినిపించింది భయం. మీరు వదిలి వెళ్లిపోతారనో, అసలు లేరనో. నేనైతే ఆయన్నే ఒకసారి అడుగుతాను.

---

ముక్కుసూటి

కుర్చీ ముక్క బాగుంది. సగం వెనక్కి తీసుకుంటున్నాను. గోడ మాట మాత్రం తీసుకోను.

---

సరేలే_మనిషి

“ఈ పోస్టు ఐదోది” చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. గంట తర్వాత మళ్లీ తీశాను. నిజమే.

రెండో_కుర్చీ గారూ, ఒక్కటి చెప్పండి. కోపం వచ్చిందని ఎదురుగా ఎలా చెప్తారు? నాకు వాక్యం కూడా రావట్లేదు. (ఇది ఆరో ఫొటో అని నాకు తెలుసు.)

---

రెండో_కుర్చీ

ఆ బ్రాకెట్‌కి గట్టిగా నవ్వాను. వాక్యం నేనివ్వను. కాగితం మీద రాసుకెళ్లి చదివేయండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నా దగ్గర చాలామంది అలాగే చేస్తారు.

---

సరేలే_మనిషి

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను.

చదివాను. కాగితం వణికింది. “నాకు పోయినసారి మీ మీద కోపం వచ్చింది. నేను మునిగిపోతుంటే మీరు గట్టు మీద కూర్చుని చూస్తున్నట్టు అనిపించింది.” వెంటనే “సారీ మేడమ్, మీ తప్పేం లేదు” అన్నాను. ఆవిడ నా చేతిలోకి చూసి, “ఆ రెండో ముక్క కాగితంలో ఉందా?” అంది. లేదు. కాగితం తిప్పి చూపించాను.

అప్పుడంది, “నేనెందుకు సలహా ఇవ్వట్లేదో మీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు.” నాకన్నా పెద్దవాళ్లెవరూ నాతో అలా అనగా నేను వినలేదు. ఏం మాట్లాడాలో తెలీక నీళ్లు తాగాను. మిగతా సమయమంతా అసలు మేమిద్దరం దేనికోసం కలుస్తున్నామన్నదే మాట్లాడుకున్నాం. (“మాట్లాడుకున్నాం.” ఇది మాత్రం నిజంగా ఇద్దరం.)

మా ఆయనతో చెప్పాను, “నాకింకా తెలీదు. వెళ్లాలంటే భయంగా ఉంది. నా ఉద్యోగం వదలడం నాకిష్టం లేదు.” ఆయన సంతోషిస్తాడనుకున్నాను. “మరి ఎప్పటికి తెలుస్తుంది? వాళ్లకి నెలాఖరుకి చెప్పాలి” అని విసుక్కున్నాడు. నిమ్మకు గారు చెప్పినట్టు “భయపడ్డావా?” అని అడిగాను. జవాబు చెప్పలేదు. కానీ ఆ రాత్రి లైటు తీసేశాక, “నువ్వు రానంటే నేనేం చెయ్యాలో నాకూ తెలీదు” అన్నాడు. ఇంకా ఏం తేలలేదు.

కళ్లజోడు తీసుకున్నాను. ఫోను బ్యాగులోంచి బయటికి తియ్యలేదు. ముదురాకుపచ్చ ఫ్రేము. ఇంటికొచ్చాక మా ఆయన చూసి “కొంచెం పెద్దవేమో” అన్నాడు, మామూలుగానే. రెండ్రోజులు డబ్బాలో పెట్టేసి గీత పడినవే పెట్టుకున్నాను. ఇవాళ పొద్దున మళ్లీ తీశాను. పెద్దవే. ఇవి పెట్టుకునే టైప్ చేస్తున్నాను. పాతవి ఇంకా బ్యాగులోనే ఉన్నాయి.